సురయ్యా ఆపా మగ్గాలు

బన్సీలాల్‌పేట్‌లో మా వీధిలో కుట్టుమిషన్లు చాలా ఉన్నాయి, నాదీ ఒకటి. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చే అమ్మాయిలు ఫోన్‌లో బొమ్మ చూపించి "ఆంటీ, ఈ డిజైన్ కావాలి" అంటారు. వెనక మెడ, చేతుల తీరు, ముడులు, కుచ్చులు ఇవే అడుగుతారు. బట్ట నేసిందెవరని అడిగేవాళ్లు అరుదు. మన ఊరి డిజైనర్ పేరు చెప్పమంటే నేను ముందు చెప్పేది సురయ్యా హసన్ బోస్ పేరు. తెలిసినవాళ్లకు ఆమె సురయ్యా ఆపా.

ఆపా 1928లో పుట్టారు. 'జైహింద్' నినాదం ఇచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీ ఆమె తండ్రికి సోదరుడు. పెళ్లాడింది నేతాజీ కుటుంబానికి చెందిన అరవిందో బోస్‌ని. ఢిల్లీలో, చేనేత, హస్తకళల కోసం పాటుపడిన పుపుల్ జయకర్ దగ్గర పనిచేశారు. ఫ్యాబ్‌ఇండియా పెట్టిన అమెరికన్ జాన్ బిస్సెల్‌కు తొలిరోజుల్లో సరుకు పంపినవాళ్లలో ఆమె ఒకరు. తర్వాత హైదరాబాద్‌లో దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర సొంతంగా మగ్గాలు వేయించి, నేసేవాళ్లు కరువైపోతున్న హిమ్రూ, మష్రూలను మళ్లీ నేయించారు.

హిమ్రూ నిజాం కాలపు షేర్వాణీల బట్ట. నూలు పడుగు మీద పట్టు పేకతో పూలు దింపుతారు. పువ్వు ఆకారమంతా జాలా దారాల్లో కట్టి ఉంటుంది. ఒకరు ఆ దారాలు లాగుతుంటే మరొకరు నేయాలి. పొద్దంతా కూర్చున్నా పెరిగేది కొన్ని అంగుళాలే. మష్రూ అయితే పైకి పట్టు మెరుపు, ఒంటికి తగిలేది నూలు. పట్టు ఒంటికి తగలకూడదని పాటించే ముస్లింల కోసం వచ్చిన నేత. మేమిప్పుడు లైనింగ్ వేసి చేసే పని వాళ్లు మగ్గం మీదే ముగించేశారు! కుట్టేదాన్ని కాబట్టి ఆ తెలివికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అమెరికాలో డిజైనర్ క్లెయిర్ మెకార్డెల్ నూలు, డెనిమ్ బట్టలతో ఇంటిపనికీ ఆఫీసుకూ పనికొచ్చే జేబుల గౌన్లు చేసి, కంపెనీ లేబుల్ మీద తన పేరు వేయించుకుంది. 1955లో టైమ్ పత్రిక ముఖచిత్రమైంది. ఆ గౌరవం ఆమెకు తగినదే. ఆపాకూ డిజైనర్ అన్న మాట అంతే చెల్లుతుంది. భర్త పోయిన ఆడవాళ్లను మగ్గం దగ్గర కూర్చోబెట్టి నేత నేర్పించారు. పక్కనే సఫ్రానీ పేరుతో బడి నడిపారు. కాగితం మీద పువ్వు ఎంత అందంగా గీసినా, దాన్ని దారాల్లోకి ఎక్కించే మనిషికి కూలి గిట్టకపోతే హిమ్రూ పుట్టదు. అందుకే నా లెక్కలో ఆ జీతాలూ, ఆ బడీ డిజైన్‌లో భాగమే.

2021లో, 93 ఏళ్ల వయసులో ఆపా వెళ్లిపోయారు.

పాత పట్టుబట్టలు కొంటామంటూ మన వీధుల్లోకి ఇప్పటికీ వస్తుంటారు. మీ తాతల షేర్వాణీ పెట్టెలో ఉంటే స్టీలు గిన్నెకు ఇచ్చేయకండి. ముందు తిరగేసి చూడండి. వెనకవైపు పట్టుపోగులు వదులుగా వేలాడుతుంటే అది హిమ్రూ కావచ్చు. చిరిగినా సరే, దాన్ని నేత తెలిసినవాళ్లకు చూపించండి. ఆ పోగులు చూసి పువ్వును మళ్లీ కట్టగలిగే చేతులు ఇంకా ఉన్నాయి.