బేదీ ‘క్వారంటీను’ కథ: నాయకవిచారము

ఉర్దూ కథకుఁడగు రాజేంద్రసింగ్ బేదీ రచించిన ‘క్వారంటీను’ ప్లేగును వర్ణించిన కథ యనుటకంటె, ప్లేగునాఁటి గౌరవము లెవ్వరికిఁ జేరెనో చెప్పిన కథ యనుట యొప్పు. జనులు రోగమునకంటెను క్వారంటీనునకే యెక్కువగా వెఱచి రని కథారంభముననే కలదు. ఈ వెఱపు కేవలకల్పితము గాదు. 1897లో పూనానగరమున ప్లేగునెపమున నిండ్లు సోదాచేసిన తీరునకుఁ బ్రజలు క్షోభించుటయు, ఆ జూన్ నెలలో ర్యాండుదొర కాల్పులకు గుఱియగుటయుఁ జరిత్రప్రసిద్ధములు.

కథఁ జెప్పువాఁడు వైద్యుఁడు. నాయకుఁడు భాగూ యను పాకీవాఁడు. వైద్యుఁడు తన దేహమును గాపాడుకొనుచుఁ బని నెఱవేర్చును. భాగూ రోగుల నంటి సేవించును. శవములతోఁగూడ మంటపాలైన కొనయూపిరి రోగిని జేతులు కాలుచుండ వెలికిఁ దీయును. భార్య ప్లేగువాతఁ బడినను సేవ మానఁడు. వ్యాధి యణఁగిన పిదపఁ బూలదండలు, ధనము, పదోన్నతి వైద్యునివి. భాగూకు మిగిలినది చీపురు.

ఆలంకారికులు వీరమును దాన, దయా, యుద్ధ, ధర్మభేదములచే నాలుగువిధములుగఁ జెప్పిరి. భాగూ నిస్సంశయముగ దయావీరుఁడు. ఓరుగంట వెలసిన ప్రతాపరుద్రీయము నాయకగుణములలో మహాకులీనతను, మహాభాగ్యమును బేర్కొనఁగా, బేదీ యా రెంటిని విడిచి ఔదార్య ధార్మికత్వములను మాత్రము గ్రహించెను. లోటు లక్షణమునకే కాని కథకుఁ గాదు.

లోపము వేఱొకచోటఁ గలదు. భాగూ మహిమయందు మగ్నుఁడైన రచయిత, వాని నెవ్వరు కాపాడవలసి యుండిరను ప్రశ్నమును బ్రధానము చేయలేదు. మహామారికి హెచ్చుతగ్గులు లేవందురు. 1918 నాఁటి ఇన్‌ఫ్లుయెంజాలో బొంబాయినగరమున వేయింటికి ఐరోపీయులు 8.3, నిమ్నజాతి హిందువులు 61.6 చొప్పున మరణించిరి. గాలి యొక్కటియే, ఇండ్లు, తిండి, వైద్యము ఒక్కటి గావు. ఈ భేదము త్యాగగుణవర్ణనముచేఁ గప్పఁబడరాదు. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు 1897 నాఁటి శాసనమే మరల నమలయ్యెను. పారిశుద్ధ్యకార్మికులకుఁ గొన్ని యూళ్ల దండలు వేసిరి. భాగూకు దొరకని దండ వీరికి దొరకినది. చేతితొడుగులు దండతోడనే వచ్చిన వనుటకు వీలులేదు.

ఇఁకఁ గథాంతము. చీపురుతో వచ్చి భాగూ వైద్యు నభినందించుటతో రసము పండినది. పిమ్మట వైద్యుఁడు తన సిగ్గును, భాగూ ఘనతను నోటఁ బలుకుట యధికము. పాఠకుఁడు స్వయముగఁ బొందఁదగిన లజ్జను వైద్యుఁడు తానే యనుభవించి ముగించినాఁడు.