అరవై ఆరు పేర్లు మోసిన గొంతులు

ఓరుగల్లు వీధిలో ఒకావిడ పాడింది. ఏ పేట బిడ్డో, ఏ ఇంటి కోడలో, ఏ తల్లి నేర్పిన పాటో! మన వినుకొండ వల్లభరాయుడి పేర వెలసిన క్రీడాభిరామంలో ఆమెకు దొరికింది పద్యమంత చోటు. ఆ ఇరుకు చోటులోనే కాళ్ళూని నిలబడి, తాళం వడి పెంచి, వాద్యాన్ని ఉరిమించి, ద్విపద నడక మీద పల్నాటి వీరులను పాడింది. అక్షరం అక్షరానికీ కుర్రకారు కేకలు పెట్టి తూలిపోయారు. ఆరు వందల ఏళ్ళుగా ఆ పద్యం బతికింది. పద్యంలోని వీరులు బతికారు. రాసింది వల్లభరాయుడా, శ్రీనాథుడా అని పండితులు పెట్టుకున్న జగడం సైతం ముసలితనం ఎరగకుండా బతికింది. పాడినావిడ పేరేమిటమ్మా అని అడిగిన నోరు మాత్రం లేదు.

ఆ పేరులేని తల్లి గొంతుకు పల్నాట వారసులున్నారు. నరసరావుపేట బస్టాండులో ఎక్కి, పత్తి చేల తెలుపూ మిరప తోటల పచ్చదనమూ దాటుకుంటూ, సున్నపురాతి నేలల మీదుగా పోతే కారంపూడి. కార్తీక అమావాస్య వచ్చిందంటే ఆ ఊరు ఊరుగా ఉండదు, యుద్ధభూమి అవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు: అయిదు రోజులు, అయిదు అంకాలు. ఊరూరి నుంచీ ఆచారవంతులు వీరుల ఆయుధాలను భుజాన మోసుకొస్తారు. నాగులేరు వాటిని కడుగుతుంది. వీరుల గుడి ముందు, అంకాలమ్మ కనుచూపులో, పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధ రక్తం మళ్ళీ వెచ్చబడుతుంది. దాన్ని వెచ్చబెట్టేది కత్తి కాదు, కంఠం. ఆ కంఠం వీరవిద్యావంతులది.

నలుగురు నిలబడతారు. ముందు కథకుడు, చేత కత్తి. వెనక పంబజోడు వాయించేవాడు. రెండు చర్మవాద్యాల జంటను నడుముకు కట్టుకుని, ఒకవైపు పుల్లతో, ఒకవైపు చేత్తో పలికిస్తాడు. పక్కన తిత్తి ఊదేవాడు. మేకతోలులో బంధించిన గాలిని రాత్రంతా ఒకే శ్రుతి మీద వదులుతాడు. ఆ చివర తాళాలవాడు. కథకుడు ఒక చరణం విసురుతాడు. వెనకవాళ్ళు దాన్ని నేల మీద పడనివ్వరు. కడపటి మాటను అందుకుని, సాగదీసి, ఎత్తి, పండించి తిరిగి అతని చేతికిస్తారు. ఆ సందులో అతను ఊపిరి పీల్చుకుంటాడు. పల్నాటి కథంతా ఈ సందుల మీదే నడిచింది. వెనకవాళ్ళు అందుకోకపోతే బ్రహ్మనాయుడు సగం మాటలోనే ఆగిపోతాడు, మాంచాల చేతిలో కత్తి అక్కడే ఉండిపోతుంది.

రాయబారం నాటి రాత్రి వినాలి ఆ గొంతులను. అలరాజు రాయబారిగా బయలుదేరతాడు. ఏమవుతుందో వినేవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళ తాతలకూ తెలుసు. చర్లగుడిపాడులో విషం కాచుకుని ఉంది. అయినా అతను గడప దాటే ఘట్టం వచ్చేసరికి ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అతని ఆలి పేరిందేవి ఏడుపు దగ్గర కథకుడు కత్తి దించేస్తాడు. ఇక్కడ కత్తికి పనిలేదు. పంబ నెమ్మదిస్తుంది, తాళాలు ఆగిపోతాయి, తిత్తి ఒక్కటే మిగులుతుంది. ఒకవంక పుట్టిల్లు, ఒకవంక మెట్టినిల్లు, నడుమ శవం. నలగామరాజు కూతురు తండ్రి పక్షాన్ని శపించాలా, మగడి శవం మీద పడి ఏడవాలా! ఆ గొంతులో ఏ రాణీ ఉండదు. మన పల్లెల్లో పురుగుమందు తాగిన మొగుణ్ణి ఆటోలో వేసుకుని నరసరావుపేట ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చిన ఆడకూతురు ఉంటుంది. ఎవడికి నేర్పగలం ఆ ఏడుపును? ఏ స్వరంలో రాయగలం?

సముద్రాలకవతల కూడా ఇలాంటి గొంతులున్నాయి. నల్లవాళ్ళ చర్చిలో పుట్టి, దేవుణ్ణి పిలిచిన పిలుపుతోనే ప్రియుణ్ణీ పిలిచిన సంగీతాన్ని అమెరికాలో సోల్ అన్నారు. డెట్రాయిట్ నగరంలో మోటౌన్ అనే కంపెనీ దాన్ని ప్రపంచమంతా అమ్మింది. అక్కడ ముగ్గురు ఆడవాళ్ళు: జాకీ హిక్స్, మార్లీన్ బారో, లోవైన్ డెంప్స్. వాళ్ళ బృందం పేరు ఆండాంటీస్. ఫోర్ టాప్స్ పాటల వెనక వాళ్ళే, సుప్రీమ్స్ పాటల్లోనూ వాళ్ళే. 1968లో లవ్ చైల్డ్ అనే పాట అమెరికాను ఊపేసినప్పుడు, రికార్డు మీద సుప్రీమ్స్ అని అచ్చయింది. డయానా రాస్ వెనక వినిపించిన గొంతులు మాత్రం ఈ ఆండాంటీస్‌వి. అట్ట మీద ఫోటో లేదు, పేరు లేదు. జనం ఎవరినో చూసి చప్పట్లు కొట్టారు, ఎవరినో విని కన్నీళ్ళు పెట్టారు. పాడినవాళ్ళు స్టూడియో వెనక తలుపున ఇంటికి పోయారు. కారంపూడి పంబవాడికి డెట్రాయిట్ ఎక్కడుందో తెలియనక్కర్లేదు. ఆ వెనక తలుపు అతనికి బాగా తెలుసు.

మన వీరవిద్యావంతులు మోసిన పేర్లు అరవై ఆరు. అరవై ఆరుగురు వీరనాయకులు! బాలచంద్రుడు, అనపోతు, అలరాజు, కన్నమదాసు... వరస తప్పకుండా, ఒక్కరినీ మరిచిపోకుండా, తరం నుంచి తరానికి నోటి మీదుగా దాటించారు. తాటాకు తడిసేది, చెద తినేది. నోరు తడిసినా, ఆకలికి ఎండినా ఆ పేర్లను వదల్లేదు. ఎనిమిది శతాబ్దాల చీకటిలో ఒకడు సొమ్మసిల్లితే ఇంకొకడు అందుకుని మోసుకొచ్చారు. మరి మోసిన భుజాల పేర్లు? పల్నాడంతా వెతికితే పుస్తకానికెక్కిన పేరు ఒకటి కనబడుతుంది: ఆలిసెట్టి గాలెయ్య. అదీ మనం నిలబెట్టింది కాదు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ 1970లలో పల్నాటికి వచ్చి, గాలెయ్య పాడిన కథను విని, రాసి, ఇంగ్లీషు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా లోకానికి ఇచ్చాడు కాబట్టి నిలిచింది. గాలెయ్యను ఆక్స్‌ఫర్డ్ ఎరుగును. మనం ఎరుగుదుమా? మన బడిపిల్లవాణ్ణి పల్నాటి చరిత్ర ఎవరిదిరా అంటే శ్రీనాథుడిదని టక్కున చెబుతాడు. తప్పు కాదు. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో ఆ ద్విపద కావ్యాన్ని వెలికితీసి అచ్చువేయించడం ఈ గడ్డకు చేసిన మహోపకారమే. కానీ శ్రీనాథుడు గంటం పట్టకముందూ ఆ కథ ఉంది, ఆయన గంటం దించాకా ఉంది. కవిసార్వభౌముడు దానికి మజిలీ. కాపురమున్నది ఈ గొంతుల్లో.

ఇక్కడ నా గుండె కలుక్కుమనే సంగతి ఒకటుంది. ఈ విద్య పెరిగింది మాలపల్లెల్లో. కథలో బ్రహ్మనాయుడు కన్నమదాసును కొడుకులా చేరదీశాడు, సేనను అతని చేతిలో పెట్టాడు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. మందపోరు నాడు కారంపూడిలో ఇవాళ్టికీ ఆ చాప పరుస్తారు. ఆ చాపను పాటలో పరిచినవాళ్ళు ఎవరు? చాప ఎత్తేశాక, ఏడాదిలో మిగిలిన మూడు వందల అరవై రోజులూ ఊరి బయట ఉండిపోయినవాళ్ళు. సహపంక్తిని ఇంత తీయగా పాడిన నోళ్ళకు గ్లాసు వేరు, బావి వేరు, దారి వేరు అన్న కాలాలను ఈ పల్నాడే చూసింది. మాల కన్నమదాసు శౌర్యం దగ్గర వాళ్ళ గొంతు ఒక మెట్టు పైకెక్కుతుంది. దాన్ని కథాకౌశలం అని మెచ్చుకోవచ్చు. అది ఒక దావా అని, ఎనిమిది వందల ఏళ్ళుగా వాయిదా పడుతున్న దావా అని నాకనిపిస్తుంది.

సినిమా ఈ కథను రెండుసార్లు ఎత్తుకుపోయింది. 1947లో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. 1966లో రామారావు, భానుమతి. తెర వెలిగింది, టెంట్లు నిండాయి. బుర్రకథా ఎత్తుకుంది, పొన్నెకల్లు నాజర్ పల్నాటి యుద్ధం చెబుతుంటే గుంటూరు సీమ గుండెలు గుమ్మెట్లయ్యాయి. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. రావలసిందే, ఇంకా ముందే రావలసింది. కుడివైపు రాజకీయం చెప్పిన వంతకు, ఎడమవైపు హాస్యం పండించిన వంతకు ఏం వచ్చింది? పక్కవాళ్ళు లేని బుర్రకథను ఎవరైనా విన్నారా?

ఇవాళ గొంతులు పల్చబడుతున్నాయి. రాత్రంతా కూర్చుని వినే జనం లేరు. తెల్లారుజామున కోత కూలికి పోవాలి, పిల్లలకు క్యారేజీలు కట్టాలి, చేతిలో ఫోను పిలుస్తోంది. అయిదు రాత్రుల కథను అరగంటలో ముగించమని మైకు దగ్గర తొందరపెడతారు. అతిథుల ప్రసంగాలకు గంటలు, పేరిందేవి ఏడుపుకు నిమిషాలు! కథకుడి కొడుకు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగంలో ఉన్నాడంటే నేను విచారించను, నాకా హక్కు లేదు. పంబ భుజాన వేసుకున్న ప్రతిసారీ ఊరు అతనికి విద్యను కాక కులాన్నే గుర్తు చేసింది. తండ్రి గొంతు తెగేలా పాడి తెచ్చిన గింజలూ పాతబట్టలూ ఆ కుర్రాడు చూశాడు. పంబ దించి పుస్తకం పట్టాడు. బాలచంద్రుడు బొంగరం వదిలేసి కత్తి పట్టినదానికన్నా అది తక్కువ వీరమా? కళ నశించిపోతోందని సభల్లో కళ్ళు తుడుచుకునే మనం, ఆ కళ బతికున్నప్పుడు దానికి కుర్చీ వేశామా?

అయినా దుఃఖం తర్కం వినదు. ఓ నాగులేరా, ఆయుధాలను కడిగినదానివి, ఆ గొంతుల ఎంగిలి తాకినదానివి, నువ్వయినా ఒక్క రాగం దాచావా? ఓ గుత్తికొండ బిలమా, బ్రహ్మనాయుణ్ణి నీలో కలుపుకున్నావంటారు. అతని వెంట వంతపాడుతూ వచ్చినవాళ్ళను ఏ మలుపులో ఆపేశావు? మాచర్ల చెన్నకేశవా, నీ పేర యుద్ధానికి పోయినవాళ్ళకు వీరస్వర్గం ఇచ్చావు, వాళ్ళను రోజూ పుట్టించి రోజూ చంపి రోజూ ఏడ్చినవాళ్ళకు ఏమిచ్చావయ్యా? పలకరు. పలికేవాళ్ళు పోతే రాళ్ళూ ఏళ్ళూ పలకవు. వాటికి నోరిచ్చింది కూడా వాళ్ళే.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. జిల్లాకు పల్నాడు అని పేరు పెట్టారు. ఆఫీసుల మీద బోర్డులు మారాయి, కాగితాల మీద ముద్రలు మారాయి, ఊరికి ఠీవి వచ్చింది. పల్నాటి పౌరుషం అని మల్లమ్మ సెంటర్లో నిలబడి మీసం తిప్పేవాళ్ళం మనం. ఆ పౌరుషం మనకు రక్తంలో రాలేదు, చెవుల్లోంచి వచ్చింది. ఎవరో పాడితే విన్నాం. ఆ పాటే లేకపోతే పల్నాడు పటం మీద నాపరాయి దొరికే చోటు, అంతే. ఇంత ఆస్తి ఇచ్చిపోయినవాళ్ళ పేరున జిల్లా కేంద్రంలో ఒక వీధి లేదు. గద్దెలెక్కించే విగ్రహాల్లో కత్తి పట్టినవాడుంటాడు, గుర్రమెక్కినవాడుంటాడు. పంబ కట్టినవాణ్ణి ఏ శిల్పి చెక్కాడు?

శిలావిగ్రహం పెద్ద మాట. దానికి నిధులూ కమిటీలూ శంకుస్థాపనలూ కావాలి, ఈలోగా ఇంకొందరు ముసలివాళ్ళు వెళ్ళిపోతారు. చిన్న పని ఒకటుంది. కార్తీకంలో ఉత్సవాలకు నరసరావుపేట ప్రెస్సుల్లో కరపత్రాలు వేయిస్తారు, దారిపొడుగునా ఫ్లెక్సీలు కడతారు. శుభాకాంక్షలు చెప్పే నాయకుల మొహాలు ఎన్నయినా వేసుకోండి. అడుగున రెండు వరసలు వదలండి. ఈసారి కథ చెప్పేదెవరు, పంబజోడు వాయించేదెవరు, తిత్తి ఊదేదెవరు, తాళాలెవరివి: నలుగురి పేర్లూ వేయండి, ఇంటిపేర్లతో సహా. పంబవాడి పేరు ముందు వేయండి.