పై గోళం లేని గులాబీ దీపం

అమెరికాలో పాత సామాన్లు అమ్మేచోట ‘గాన్ విత్ ద విండ్’ దీపం అంటే ఏదో అందరికీ తెలుసు. కింద ఉబ్బెత్తు గాజు బుడ్డి, పైన దానికి జతగా గుండ్రటి గాజు గోళం, రెండింటి మీదా ఒకే రకం పూలు. అదే పేరుతో 1939లో వచ్చిన సినిమాలో ఇలాంటివి కనిపించిన పుణ్యమా అని ఆ పేరొచ్చింది. సినిమా కథ మొదలయ్యేది అమెరికా అంతర్యుద్ధం మొదలైన 1861లో. ఈ కిరసనాయిలు దీపాలు ఇళ్ల ముందు గదుల్లో వెలిగింది 1880ల తర్వాత. అందుకే ‘అంతర్యుద్ధం నాటి సరుకు’ అని ఎవరైనా అంటే బేరం అక్కడే ఆపాలి.

నేను చూసిన దీపానికి పై గోళం లేదు. ఇత్తడి చమురుపాత్ర, బర్నర్ ఉన్నాయి. చిమ్నీ కొత్తది. అయినా ఆ మిగిలిన సగం దగ్గర్నుంచి కదలబుద్ధి కాదు.

పాలగాజును అచ్చులోకి ఊది చేసిన బుడ్డి అది. అడుగున లేత గోధుమరంగు, పైకి పోయేకొద్దీ ఇటుకరంగు. ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేం. ఇలాంటి దీపాల్లో చాలావాటికి పూల గీతలు అచ్చువేసి, మధ్యలో రంగు నింపేవారు. భూతద్దం పెడితే ఆ గీత అన్నిచోట్లా ఒకే మందంలో ఉండి దొరికిపోతుంది. ఇక్కడ గీతే లేదు. కుంచెకు ఒక పక్క రంగు ఎక్కువగా అద్దుకుని, ఒక్క తిప్పులో రేకు తీశారు. అంచున చిక్కగా, మొదట్లో పలచగా ఉంది. తడిమితే ఆ అంచు వేలికి తగులుతుంది. పూలమీద వెలుగు పడినచోట తెల్లరంగు వేయలేదు. వేసిన రంగునే తుడిచి, కింది గాజును తెలుపుగా వదిలారు. అదీ ఇంత వంపు తిరిగిన ఒంటిమీద! గాజుపొడి కలిసిన ఈ రంగులను కొలిమిలో కాల్చాలి. వేడి చాలకపోతే రంగు పట్టదు, మితిమీరితే బుడ్డి రూపే చెడుతుంది.

ఒక కొమ్మ పైకి సాగి బుడ్డి భుజం దగ్గర ఆగిపోయింది, పల్లవి ఎత్తుకుని చరణం పాడకుండా లేచి వెళ్లినట్టు. మిగతాది గోళం మీద ఉండాలి. అంటే చిత్రకారుడు రెండు గాజులకీ కలిపి ఒకే బొమ్మ ఊహించాడు. అందుకే జత ధరలో సగం ఈ సగానికి వస్తుందనుకోవడం వ్యాపారం తెలియని లెక్క.

విలువ కట్టేటప్పుడు నేను ముందు రంగే చూస్తాను. కాల్చిన రంగు గోటికి లేవదు, తర్వాత ఎవరో పూసింది లేస్తుంది. అతికించిన చోట్లు చాలాసార్లు అతినీలలోహిత దీపం కింద బయటపడతాయి. వత్తి తిప్పే చక్రం మీద బ్రాడ్లీ అండ్ హబ్బర్డ్ లాంటి దీపాల కంపెనీ పేరుంటే సంతోషమే గానీ, బర్నర్లు ఒక దీపం నుంచి ఇంకోదానికి మారుతూనే వచ్చాయి. గాజు ఎవరిదో ఆ పేరు చెప్పదు. వెస్ట్ వర్జీనియాలోని ఫెంటన్ కంపెనీ ఇరవయ్యో శతాబ్దంలో ఈ తీరు దీపాలు చేసింది. చేత్తో బొమ్మ వేసినవాటి మీద చాలాసార్లు ఆ వేసినవారి సంతకం ఉంటుంది. అవి వేరే తరగతి, వేరే ధర.

అమ్మేవాళ్లకు పెద్ద ప్రలోభం, కొలత సరిపోయిన ఏదో ఒక గోళం తెచ్చి పైన పెట్టడం. గోళాన్ని నిలిపే రింగులో చక్కగా కూర్చుంటుంది. దీపం వెలిగించాక మోసం తెలుస్తుంది: కింద ఇటుకరంగు, పైన ఎరుపు, కింద విచ్చుకున్న గులాబీ, పైన బిగిసిన మొగ్గ. పెట్టినా తప్పులేదు, ఆ సంగతి చీటీమీద రాస్తే. నన్నడిగితే బుడ్డిని బుడ్డిగానే అమ్మడం మేలు. ఇలాంటి గులాబీల గోళం ఒంటరిగా పెట్టుకుని జతకోసం వెతికేవాళ్లు ఉంటారు, వాళ్లే మంచి ధర ఇస్తారు.

మీ చేతికి ఇలాంటిది వస్తే కరెంటు తీగ కోసం గాజుకు మాత్రం రంధ్రం వేయించకండి. బర్నర్ స్థానంలో బిగించే విద్యుత్ అమరికలు దొరుకుతాయి.