పలుకు నేర్చిన తీగ

పాలమూరు కిన్నెరను దగ్గర కూచుని విన్నవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. పాడేవాడు చరణం ముగించి ఊపిరి తీసుకుంటాడు. ఆ సందులో తీగ ఊరుకోదు, గొంతు ఇప్పుడే అన్న మాటను తానూ ఒకసారి అంటుంది. గొంతు ‘వచ్చిండు’ అంటే కిన్నెర కూడా ‘వచ్చిండు’ అనే అంటుంది, ‘వచ్చాడు’ అనదు. గణాలు లెక్కేస్తే ఈ రెండు మాటలకూ తేడా లేదు, రెంటిలోనూ రెండు గురువులు, ఒక లఘువు. అయితే మీటిన తీగ నాదం పుట్టీపుట్టగానే తరిగిపోతుంది. ‘చా’ అని దీర్ఘం తీస్తే దాన్ని మోసుకుపోయే ఓపిక తీగకు ఉండదు. ‘చిం’ అని ముక్కులోకి వెళ్లి మూసుకునే పలుకు దానికి సరిగ్గా అతుకుతుంది. ఈ వాద్యం మా మాటకే కొలత తీసి చేసినట్టుంటుందని నేను నమ్ముతాను. కిన్నెర గురించి ఏం చెప్పినా అక్కడినుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది.

మా కొల్లాపూర్ సంస్థానం ఊరు. జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభివారి కోట ఇప్పటికీ ఊళ్లో నిలబడి ఉంది. ఆ వంశంలోని మాధవరాయలు 17వ శతాబ్దంలో ‘చంద్రికా పరిణయం’ రాశాడు. పండితుడు పక్కన ఉండి విప్పి చెబితే తప్ప లోపలికి పోలేని ప్రౌఢ ప్రబంధం అది. కొల్లాపూర్ సాహిత్యం అనగానే ఆ పేరు చెబుతారు, చెప్పాల్సిందే. కానీ ఇక్కడినుంచి తూర్పుగా నల్లమల అంచు పట్టుకుని పోతే లింగాల మండలంలో అవుసులకుంట అనే ఊరు వస్తుంది. దర్శనం మొగులయ్య పుట్టిన ఊరు. పన్నెండు మెట్ల కిన్నెరను తాతతండ్రుల నుంచి అందుకున్న మనిషి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కోటలో పుట్టిన ప్రబంధమూ, వాడల్లో తిరిగిన కిన్నెర పాటా ఒకే నేల సాహిత్యం. ఒకటి పాఠ్యపుస్తకాల్లో సాహిత్యంగా కూచుంది, రెండోది ‘జానపద కళారూపం’ అనే వేరే గదిలో ఉండిపోయింది. ఆ గోడ నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

కిన్నెర ఎట్లా తయారవుతుందో చెబితే ఇదెంత తెలివైన పనో అర్థమవుతుంది. వెన్నెముక వెదురు బొంగు. దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు మూడు. కూరకు కోసే లేతకాయ ఇందుకు పనికిరాదు. తీగమీదే ముదిరి, గోరు దిగనంత గట్టిపడి, గుజ్జూ గింజా ఎండిపోయిన కాయ కావాలి. దాన్ని తొలిచి, లోపల శుభ్రం చేసి ఆరబెడితే పలుచటి, గట్టి, బోలు గోళం మిగులుతుంది. తీగ కదలిక వెదురు గుండా బుర్రల్లోకి దిగి, అక్కడి గాలిని కదిపి పెద్దదవుతుంది. బుర్ర లేకపోతే ఆ తీగ చప్పుడు పక్కింటికి కూడా వినపడదు.

వెదురు మీద మెట్లు. పాతకాలంలో వీటికి అలుగు పొలుసులు వాడేవాళ్లు. అలుగు అంటే చీమలూ చెదలూ తిని బతికే, ఒళ్లంతా పెంకులున్న అడవి జంతువు. ఇప్పుడు దాన్ని చంపడం, దాని పొలుసు దగ్గర పెట్టుకోవడం నేరం, అట్లా ఉండాల్సిందే. బదులుగా కొమ్ము ముక్కలు వాడుతున్నారు. ఇందులో ఒక చక్కటి విషయం ఉంది. అలుగు పొలుసు, ఎద్దు కొమ్ము మీది పొర, మన వేలి గోరు, మూడూ ఒకే పదార్థం, కెరాటిన్. అంటే వస్తువు మారినా తీగకు తగిలే గుణం పెద్దగా మారలేదు. సంప్రదాయం చెడకుండా మారడం అంటే ఇట్లా ఉండాలి.

ఈ మెట్లను వెదురుకు అతికించేది తేనె మైనం. మేకులు కొడితే గట్టిగా ఉంటుంది కదా అని అడగవచ్చు. మేకు కొడితే మెట్టు కదలదు. మైనంతో పెడితే కాస్త వేడి చూపించి మెట్టును వెంట్రుకవాసి పైకో కిందికో జరపవచ్చు. పాడేవాడి గొంతుకు, అతని పాటకు తగ్గట్టు స్వరాన్ని సరిచేసుకోవచ్చు. ఒకే కొలత అందరి మీదా రుద్దే వాద్యం కాదిది, మనిషికి లొంగి ఉండే వాద్యం. పైన నెమలి ఈకలు, అద్దాలు, చెక్కతో చేసిన పిట్ట. వాయిస్తున్నప్పుడు పిట్ట తల ఊపుతుంటే ముందు వరుసలో కూచున్న పిల్లలు కథ మరిచి దాన్నే చూస్తారు.

ఈ వాద్యం నిన్న మొన్నటిది కాదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో కిన్నరీ వీణను వర్ణించాడు. అదే కాలపు పాల్కురికి సోమనాథుడు ‘బసవ పురాణం’లో కిన్నెర బ్రహ్మయ్య కథ చెప్పాడు. వాద్యం పేరే భక్తుడి పేరుగా మారిందంటే అప్పటికే అది ఎంత పరిచితమో ఊహించవచ్చు.

ఇక కథ. కిన్నెర కథకుడు వీరుణ్ణి ఒక్కసారిగా రంగం మీదికి తోయడు. ముందు పుట్టుక చెబుతాడు. తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు, పుట్టిన తావు. తర్వాత ఊళ్ల పేర్లు వరుసగా వస్తాయి. వీరుడు ఏ దారిన పోయిండో, ఏ వాగు దాటిండో, ఏ చెట్టు కింద ఆగిండో చెబుతూ పోతాడు. బయటివాళ్లకు ఇది సాగదీసినట్టు అనిపించవచ్చు. వినేవాళ్లకు మాత్రం ప్రతి పేరూ ఒక తలుపు, అందులో ఏదో ఒక ఊళ్లో తన మేనత్త ఉంటుంది. పాట నడుస్తూ ఉంటే మధ్యలో గొంతు మామూలు మాటలోకి దిగుతుంది. ‘ఇగ అప్పుడు ఏం జేసిండంటే’ అని వచనం అందుకుంటుంది. వచనం నడిచినంతసేపూ కిన్నెర సన్నగా ఒకే మెట్టు చుట్టూ తిరుగుతుంటుంది. పట్టు వచ్చినచోట గొంతు ఒక్కసారిగా తారస్థాయికి పోతుంది, తీగ దాని వెంట ఉరుకుతుంది. పాట, వచనం, వాద్యం, మూడూ ఒక్క మనిషి చేతిలోనే ఉంటాయి. వంతలు పాడేవాళ్లు లేని లోటును తీగే తీరుస్తుంది.

మా వైపు ఎక్కువగా అడిగి పాడించుకునే కథ పండుగ సాయన్నది. దొరల సొమ్ము కొట్టి లేనివాళ్లకు పంచిన మనిషిగా జనం అతన్ని గుర్తుపెట్టుకున్నారు. మియాసాబ్ కథ కూడా అంతే ఇష్టంగా వింటారు. ఇద్దరి మతాలు వేరు, పాటలో ఇద్దరికీ దొరికే ప్రేమ ఒక్కటే.

ఇక్కడ నా ఆలోచన ఎప్పుడూ ఒక దూరపు దీవికి పోతుంది. జమైకాలో ఐవన్‌హో మార్టిన్ అనే మనిషి ఉండేవాడు, జనం రైజిన్ అని పిలిచేవాళ్లు. పోలీసులు అతన్ని 1948లో కాల్చి చంపారు. పేదల నోళ్లలో మాత్రం అతను చావలేదు. 1972లో అతని కథ ఆధారంగా ‘ది హార్డర్ దే కమ్’ సినిమా వచ్చింది, జిమ్మీ క్లిఫ్ నటించి పాడాడు. రెగే పాట ప్రపంచానికి చేరడంలో ఆ సినిమాకు పెద్ద చేయి ఉంది. అందులో మనుషులు తమ ఇంటి భాషే మాట్లాడారు. అది సగమే ఇంగ్లీషు అయినట్టు వినిపించి, అమెరికాలో తెర కింద అక్షరాలు వేసి చూపించాల్సి వచ్చింది.

ఆ ఇంటి భాష పేరు పాట్వా. బానిసలుగా ఆఫ్రికా నుంచి తేబడినవాళ్లు ఇంగ్లీషు మాటలను తమ వ్యాకరణంలో పోసి చేసుకున్న భాష. ‘మీరంతా’ అనడానికి వాళ్లు వాడే ‘ఉను’ ఇగ్బో నుంచి వచ్చిందే. చాలాకాలం దాన్ని చెడిపోయిన ఇంగ్లీషు అన్నారు. అది చెడిపోయింది కాదని జీవితమంతా పాడి, చెప్పి, నవ్వించి నిరూపించిన మనిషి లూయీస్ బెన్నెట్, జనానికి మిస్ లూ. 1966లో వచ్చిన ఆమె పుస్తకం పేరు ‘జమైకా లాబ్రిష్’. లాబ్రిష్ అంటే మా వైపు మాటలో ముచ్చట్లు. ఆమె పుట్టింది 1919 సెప్టెంబర్ 7న. పలుకుబడే భాష అని మనకు గట్టిగా చెప్పిన కాళోజీ పుట్టింది 1914 సెప్టెంబర్ 9న. ఆయన పుట్టినరోజునే తెలంగాణ భాషా దినంగా జరుపుకుంటున్నాం. ఒకరి పేరు ఒకరు విన్నారో లేదో గానీ, ఇద్దరూ మోసింది ఒకే బరువు.

ఇంకో పోలిక ఉంది, అది నన్ను మరీ కదిలించింది. హాన్స్ స్లోన్ అనే వైద్యుడు 1687లో జమైకాకు పోయాడు. తర్వాత 1707లో అచ్చయిన తన పుస్తకంలో అక్కడి ఆఫ్రికా మనుషుల వాద్యాల బొమ్మలు వేయించాడు. ఎండిన సొరబుర్రకు కర్ర బిగించి, తీగలు కట్టిన వాద్యాలు అవి. బాంజో పుట్టుకను వెతికేవాళ్లు ఆ బొమ్మలకే వస్తారు. చేతిలో ఏమీ లేనివాళ్లకు కంచె మీద కాసే కాయే వీణ అయిన కథ అక్కడా ఇక్కడా ఒకటే. బాంజో మాత్రం లోహం తొడుక్కుని ఫ్యాక్టరీలోకి పోయింది. కిన్నెర ఇంకా బుర్రతోనే ఉంది.

మన దగ్గర కూడా సినిమా వచ్చి కిన్నెరను ఎత్తుకుంది. 2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొగులయ్య గొంతుతో, తీగతో మొదలైంది. తల్లి, తండ్రి, తాత పేర్లు వరుసగా చెప్పే పాత పద్ధతి ఆ పాటలో చెక్కుచెదరకుండా ఉంది. రాష్ట్రమంతా విన్నది. మా పిల్లలు మొదటిసారి మా యాసను మైకులో విని సిగ్గుపడకుండా ఎగిరారు. నాకు అది చిన్న విషయం కాదు. అయితే సినిమా పాటలో కిన్నెరకు దక్కింది మొదలు మాత్రమే. కథ, వచనం, ఊళ్ల పేర్లు, రాత్రంతా సాగే నడక అక్కడ పట్టవు. అవార్డు మనిషికి ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. వాద్యానికి కావాల్సింది వినే వాడ.

కిన్నెర డక్కలివారి చేతి వాద్యం. వాళ్లు మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెబుతారు. భూమి పుట్టకముందే జాంబవంతుడు ఉన్నాడని చెప్పే పురాణం అది. అందరికంటే కిందివాళ్లని ఊరు పేరు పెట్టినవాళ్లకు, అందరికంటే ముందు పుట్టింది మీరే అని చెప్పే కావ్యం. మాదిగ వాడలో అడిగి తీసుకోవడం డక్కలివారి మిరాశి, అంటే వంశపారంపర్యంగా వచ్చే హక్కు. ఊరు దాన్ని అడుక్కోవడం అన్నది. నా లెక్కలో అది చరిత్ర కాపాడినందుకు ఇచ్చే జీతం, అదీ చాలా తక్కువ జీతం. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు ‘ఆద్యకళ’ పేరిట ఇట్లాంటి వాద్యాలను ఊరూరా తిరిగి సేకరించకపోతే, వీటి పేర్లు కూడా మనకు మిగిలేవి కావు.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వచ్చినప్పుడు కృష్ణ ఒడ్డు పల్లెలు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం వంటి గుళ్లను రాయి రాయి విప్పి అలంపురానికి తెచ్చి తిరిగి కట్టారు. గొప్ప పని. వాడలను అట్లా విప్పి కట్టడం కుదరదు. జనం తలా ఒక దిక్కు పోయారు, ఆ వాడలకు ఏటా వచ్చే కథకుడికి దారి తెగింది. మిగిలిన ఊళ్ల నుంచి ముంబైకి, హైదరాబాద్‌కు వలస బస్సులు ఎక్కారు. పాటలో వరుసగా వచ్చే ఊళ్ల పేర్లలో కొన్ని ఇప్పుడు నీళ్ల అడుగున ఉన్నాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి తన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ సంపుటాన్ని 1962లో తెచ్చారు. నాగలిలో ఒక్కో భాగానికి ఏ జిల్లాలో ఏ పేరో అందులో దొరుకుతుంది. జమైకా భాషకు కాసిడీ, లీపేజ్ ఇద్దరూ కలిసి చేసిన నిఘంటువు 1967లో వచ్చింది. కిన్నెరకు అట్లాంటి పని ఇంకా జరగాలి. మెట్టుకు, బుర్రకు, మైనానికి, ఒక్కో మీటుకు వాయించేవాళ్లు ఏం పేరు పెట్టారో వాళ్ల నోటితోనే రాసుకోవాలి. పాట ఒక్కటే రికార్డు చేసి, వచనం వచ్చినచోట యంత్రం ఆపేస్తే ఆ పని సగమే అయినట్టు.

పోయిన ఎండాకాలం మా అవ్వకు ఫోన్‌లో సాయన్న కథ వినిపించాను. కళ్లు మూసుకుని విన్నది. ఊళ్ల పేర్లు వస్తున్నచోట చేయి ఎత్తి ఆపింది. ‘నడుమ ఒక ఊరు ఇడిశిండు’ అన్నది. ఏ ఊరని అడిగితే నది దిక్కు చూపించి, పేరు చెప్పి, మళ్లీ మొదటినుంచి పెట్టమన్నది.