రియేకా పాఠభేదము

1918లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యము విచ్ఛిన్నము గాకున్నచో, క్రొయేషియా-స్లవోనియా దానియందు మూఁడవ రాజ్యమై వెలసెడిదని కల్పితచరిత్రకారులు కథ లల్లుదురు. ఊహ దోషము గాదు. అట్టి కోరిక 1914కు ముందే యుండెను. కాని వారిలోఁ బెక్కురు, ఆ రాజ్యమునకు స్వపరిపాలన మొసఁగిన 1868 నాఁటి యొడంబడికను, పండితుఁడు తాళపత్రప్రతిని బరిశీలించునట్లు పరిశీలించినవారు గారు.

అందలి 66వ ప్రకరణము ఏడ్రియాటిక్ తీరమందలి రియేకా రేవును గూర్చినది. హంగరీ పాఠమున నా పట్టణము హంగరీ కిరీటమునకుఁ జేరిన ప్రత్యేకభాగము. జాగ్రెబ్ సభ యంగీకరించిన క్రొయేషియా పాఠమున, ఆ విషయమై సమ్మతి కుదురలేదని మాత్రమే యుండెను. పిదప నీ పాఠముపై, హంగరీ పాఠమున కనువాదమైన కాగితపు ముక్క నొకదాని నంటించిరి! లేఖకప్రమాదముల నెన్నింటినో క్షమించిన పరిష్కర్తయు దీనిని బ్రమాద మనఁడు, ఇది ప్రక్షిప్తము.

‘బాన్’ అను పాలకుని స్థితియుఁ జూడఁదగినది. అంతరంగికపాలన, విద్య, న్యాయము ఆ రాజ్యమునవే. బాన్‌ను మాత్రము హంగరీ ప్రధానమంత్రి సూచనపై రాజు నియమించును. వైయాకరణుని దృష్టిలో నితఁడు ప్రయోజ్యకర్త: క్రియ యితనిది, ప్రేరణ మన్యునిది. కథకులు సామ్రాజ్యమును బ్రదికించి, పటమున రంగులు మార్చి, యీ ప్రేరకుని మఱచిరి. ఆ కాగితపు ముక్కను బెఱికిన దెవరో, అందులకై హంగరీవారి కేమి యిచ్చిరో పెక్కు కథలలోఁ గానరాదు.