పొగకు వెల కట్టుట: పీగూ గ్రంథముపై ఒక విమర్శ

పొగగొట్టము యజమానిది, పొగ మాత్రము ఊరందరిది. బొగ్గుకు వెల యిచ్చి కొనిన యజమాని, తాను పాడుచేసిన గాలికి ఏమియు ఇయ్యడు. ఈ అన్యాయమును అర్థశాస్త్రపు లెక్కలోనికి తెచ్చిన వారిలో ముఖ్యుడు కేంబ్రిడ్జి ఆచార్యుడు పీగూ. 1920లో వెలువడిన ఆయన గ్రంథము ‘ఎకనామిక్స్ ఆఫ్ వెల్ఫేర్’ నేటికిని చదువదగినది. ఇతరులకు నష్టము కలిగించు పనిపై తగిన పన్ను వేసినచో, ఆ పనిని తగ్గించుకొనుటయే యజమానికి లాభసాటి యగును. ఇది ఆయన సిద్ధాంతపు సారము.

సూత్రము స్పష్టముగానే ఉన్నది. అయితే నష్టమును కొలుచుట ఎట్లు? పీగూ చక్కని ఉదాహరణ మొకటి చూపెను. 1918లో మాంచెస్టరు నగరపు వాయుకాలుష్య సలహా సంఘమువారు అచ్చటి శ్రామికుల ఇండ్లలో బట్టలుతుకు ఖర్చును, పొగ లేని హారోగేటు పట్టణపు ఖర్చుతో పోల్చి చూచిరి. మాంచెస్టరులో ఇంటికి వారమునకు ఏడున్నర పెన్నీలు అధికమని తేలెను. నగరమంతటికి లెక్కించగా ఏటా 2,90,000 పౌనులకు పైగా నష్టము.

ఇచ్చట పాఠకుడు కొంచెము ఆగవలెను. ఆ మొత్తములో చేరినవి ఇంధనము, సబ్బు వంటి సామగ్రి మాత్రమే. మరల మరల ఉతికిన ఇల్లాలి రెక్కల కష్టము అందులో లేదు. ఈ సంగతిని గ్రంథము దాచలేదు. ఇక దగ్గునకు, ఆయాసమునకు ఆ పద్దులో చోటే లేదు. అంగడిలో వెల గలది లెక్కకు వచ్చెను. వెల లేని ఊపిరి రాలేదు. పన్ను నష్టమునకు సరిపోవలెనన్నచో, తక్కువ లెక్క తక్కువ పన్నునకే దారి తీయును. ఈ సిద్ధాంతమునకు గల పెద్ద చిక్కు ఇదియే.

బొగ్గుపులుసు వాయువు విషయమున ఈ చిక్కు మరింత పెరుగును. అది ఎచ్చట పుట్టినను భూగోళమంతటను వ్యాపించును. దానివలన నష్టపడువారిలో ఇంకను పుట్టని వారును కలరు. వారి పద్దు ఎవరు వ్రాయుదురు?

అట్లని పన్నును త్రోసివేయరాదు. స్వీడను దేశము 1991లో ఈ వాయువుపై టన్నుకు 250 క్రోనాల పన్ను ప్రారంభించి, క్రమముగా 1,000 క్రోనాలు దాటించినది. అచ్చట ఉత్పత్తి పెరిగినను ఉద్గారములు తగ్గినవి. మన దేశమున 2010లో టన్ను బొగ్గుపై 50 రూపాయల సుంకము విధించి, 2016 నాటికి 400 రూపాయలు చేసిరి. 2017లో ఆ రాబడి, జి.ఎస్.టి. వలన రాష్ట్రములకు కలుగు నష్టమును పూరించుటకు మరలినది. 2025లో ఆ సుంకమును తీసివేసి, బొగ్గుపై జి.ఎస్.టి.ని 5 శాతము నుండి 18 శాతమునకు పెంచిరి. ఇన్ని మార్పులలో, ఏ అంకె ఏ నష్టమునకు సమానమో సామాన్యునకు తెలియుట కష్టము.

కావున పొగపై పన్ను వేయునపుడు రెండు పట్టికలు ప్రకటింపవలెను: లెక్కించిన నష్టములు ఏవి, విడిచిన నష్టములు ఏవి. రెండవ పట్టికను చదివినగాని మొదటిదాని విలువ తెలియదు.