పక్క అంకెను కూడా అడగండి

కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి పార్వతీపురానికి కంప్యూటర్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలతో నేను మొదట మైన్‌స్వీపర్ ఆడిస్తాను. 1992లో విండోస్ 3.1తో వచ్చిన ఆట ఇది. పాత కంప్యూటర్లలో నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. సిగ్నల్ కోసం గట్టెక్కే ఊళ్ళ పిల్లలకు అదేమీ చిన్న సంగతి కాదు.

దీన్ని అదృష్టం ఆట అనేవాళ్ళతో నాకు పేచీ. 3 పులులు, 15 మేకల ఆటలో అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. ఇక్కడ దాగినవాటిని అంకెలతో పట్టాలి. తెరిచిన గడిలోని అంకె, చుట్టూ ఉన్న గళ్ళలో ఎన్ని బాంబులున్నాయో చెబుతుంది. చాలామంది ఒక్కో అంకెనూ విడిగా చూసి, తేలకపోతే ఏదో ఒకటి నొక్కేస్తారు. పక్క అంకెను కూడా అడగాలి.

తెరిచిన వరసలో 1, దాని పక్కనే 2. ఎదుట మూసిన గళ్ళ వరస. రెండింటికీ మూడేసి గళ్ళు తగులుతాయి, అందులో రెండు ఉమ్మడి. 1 ఉంది కనుక ఆ ఉమ్మడి గళ్ళలో ఒక బాంబుకు మించి ఉండదు. అలాంటప్పుడు 2కి లెక్క సరిపోవాలంటే దాని సొంత గడిలో బాంబు ఉండి తీరాలి. 1 సొంత గడి నిర్భయంగా తెరవొచ్చు. వరసగా 1, 2, 1 కనిపిస్తే బాంబులు రెండు 1ల ఎదుటే ఉంటాయన్నదీ ఈ తీసివేతతోనే తేలుతుంది. బట్టీ పట్టించడం నాకిష్టం లేదు.

ఎక్స్‌పర్ట్ పలకలో 480 గళ్ళు, 99 బాంబులు. మూలగడికి పొరుగు గళ్ళు మూడే కాబట్టి, అక్కడ మొదలుపెడితే చుట్టూ బాంబుల్లేక ఖాళీ జాగా విచ్చుకునే అవకాశం దాదాపు సగం. నడిమధ్యన ఎనిమిది పొరుగులు, అవకాశం ఆరింట ఒకటి.

పలకపై అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అని 2000లో బర్మింగ్‌హామ్ గణితవేత్త రిచర్డ్ కే నిరూపించారు. అలాంటి సమస్యను ఎంత పెద్ద పలకపైనైనా చకచకా తేల్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

లెక్కకు అందని చోట్లూ ఉంటాయి. మూలన రెండు గళ్ళు, వాటిలో ఒక బాంబు ఖాయం, కొత్త అంకె వచ్చే దారి లేదు. పిల్లలు వాటిని ఆఖరికి దాచుకుంటారు. ఎంతసేపు ఆగినా అవకాశం సగమే. కనబడగానే నొక్కెయ్యమంటాను. పేలితే వెంటనే కొత్త పలక వేసుకోవచ్చు.